నానో కార్బన్ ఫిల్టర్ పెడితే బోరు నీళ్లలో మందుల అవశేషాలు పోతాయా?

అమీన్‌పూర్_రవి
మాది అమీన్‌పూర్‌లో 84 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మంజీర నీళ్లు వచ్చిన రోజు వస్తాయి, మిగతాదంతా బోరే, ఎండాకాలమైతే ట్యాంకర్. పటాన్‌చెరు, బొల్లారం మందుల కంపెనీల గురించిన పాత రిపోర్టు ఒకటి మా గ్రూపులో ఎవరో పెట్టారు, ఆ రోజు నుంచి అందరికీ టెన్షన్. చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు మరీ భయపడుతున్నారు. ఈలోపు ఒక వెండర్ వచ్చి "నానో యాక్టివేటెడ్ కార్బన్, యాంటీబయోటిక్స్ 99 శాతం పోతాయి" అని డెమో చూపించాడు. రంగు నీళ్లు పోస్తే తెల్లగా వచ్చాయి. కమిటీ 3 లక్షల 40 వేలు పెట్టి బోరు లైన్ మీద బిగించింది. నేను టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే ముందు 780, తర్వాత 775. అంటే ఏమీ పోనట్టే కదా? మోసపోయామా? కమిటీలో సంతకం పెట్టింది నేను, అందుకే నిద్ర పట్టడం లేదు.

గచ్చిబౌలి_కార్తీక్
3.4 లక్షలా! ఆ డబ్బుతో ఎన్నో ఇళ్లకి మంచి ఆర్వో వచ్చేసేది కదా.

ల్యాబ్‌పిల్ల
టీడీఎస్ మీటర్‌తో దీన్ని తేల్చలేం. ఆ మీటర్ నీళ్లలో కరిగిన ఉప్పుల వల్ల కరెంటు ఎంత పారుతుందో చూసి అంకె చూపిస్తుంది. కార్బన్ ఉప్పుల్ని పట్టదు, దాని పని సేంద్రియ పదార్థాలతో. మందుల అవశేషాలు ఉంటే లీటరుకు మైక్రోగ్రాముల్లోనో ఇంకా తక్కువో ఉంటాయి. మిల్లీగ్రాములో వెయ్యో వంతు అన్నమాట. మీ మీటర్‌కి అవి ఉన్నా కనబడవు, పోయినా కనబడవు. కాబట్టి 775 వచ్చినంత మాత్రాన ఫిల్టర్ పనిచేయడం లేదని కాదు. అలాగని పనిచేస్తోందని కూడా కాదు.

రంగు నీళ్ల డెమోతో కూడా మోసపోవద్దు. ఆ రంగులు కార్బన్‌కి ఎంతో ఇష్టమైన అణువులు, ఏ కార్బన్ వేసినా పట్టేస్తుంది.

అమీన్‌పూర్_రవి
మరి ఎలా తెలుసుకోవాలి? మామూలు వాటర్ టెస్టింగ్ ల్యాబ్‌కి ఇస్తే చెప్తారా?

ల్యాబ్‌పిల్ల
మామూలు రిపోర్టు ఐఎస్ 10500, అంటే తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం ఇస్తారు. అందులో ఫ్లోరైడ్, నైట్రేట్, హార్డ్‌నెస్, పురుగుమందులు ఉంటాయి కానీ మనుషుల మందులకు పరిమితులే లేవు. రిపోర్టులో "తాగడానికి పనికొస్తుంది" అని వచ్చిందంటే మందులు లేవని అర్థం కాదు, వాటిని వెతకలేదని అర్థం. అతి తక్కువ మోతాదులో ఉన్న మందుల్ని కూడా కొలిచే ఎల్‌సీ ఎంఎస్ అనే మెషిన్ ఉన్న ల్యాబ్‌కి ఇవ్వాలి, ఏ మందులు వెతకాలో మీరే చెప్పాలి. ఖర్చు శాంపిల్‌కి వేలల్లో ఉంటుంది. ఫిల్టర్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి, కనీసం రెండు సీసాలు.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ చూస్తాను, పదకొండేళ్లు అయింది. రవి గారూ, వెసెల్‌లో కార్బన్ ఎంత పోశారు? గంటకు ఎన్ని లీటర్లు పంపుతున్నారు? ఈ రెండూ చెప్తే మోసమో కాదో నేను చెప్తాను.

ఇసకవాగు_మల్లేశ్
ఏ రిపోర్టు గురించి అంటున్నారో నాకు తెలుసు. 2007లో స్వీడన్ వాళ్లు అచ్చువేసిందే కదా. పటాన్‌చెరులో 90 దాకా కంపెనీల మురుగు ఒక్కచోట శుద్ధి చేసే ప్లాంట్ ఉండేది, ఆ ప్లాంట్ శుద్ధి చేసి బయటికి వదిలిన నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ నీళ్లు మా ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగు, నక్కవాగు నుంచి మంజీర. మా నాయన ఆ నీళ్లతోనే వరి పండించాడు. బావి నీళ్లు తోడితే నురగ వచ్చేది, బర్రెలు మూతి పెట్టి వెనక్కి జరిగేవి. బర్రెకు ఏ మెషిన్ పెట్టి చూపించారు? దానికి తెలిసింది మన ఆఫీసర్లకు ఇరవై ఏళ్లు తెలియలేదు.

సుధ_మైక్రో
మల్లేశ్ గారు చెప్పిన 31 మిల్లీగ్రాములు ఎంతో అర్థం కావాలంటే ఇలా చూడండి. 500 మిల్లీగ్రాముల సిప్రో టాబ్లెట్ వేసుకున్న మనిషి రక్తంలో ఆ మందు ఎక్కువలో ఎక్కువ లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ట్రీట్‌మెంట్ తీసుకుంటున్న రోగి రక్తంలో కన్నా పది రెట్లు మందు శుద్ధి చేసిన నీళ్లలో ఉంది! నీళ్లలో బ్యాక్టీరియా సిప్రోకి అలవాటుపడకుండా ఉండాలంటే లీటరుకు 0.06 మైక్రోగ్రాములు దాటకూడదని పరిశోధకులు లెక్క కట్టారు. 31 మిల్లీగ్రాములంటే 31,000 మైక్రోగ్రాములు. ఐదు లక్షల రెట్లు ఎక్కువ.

గచ్చిబౌలి_కార్తీక్
అది 2007 నాటి మాట. ఇప్పుడు 2025 దాటింది. పాత అంకెలతో జనాన్ని భయపెట్టి ఫిల్టర్లు అమ్ముకుంటున్నారు, నా ఉద్దేశం అదే. మేము ఇరవై ఏళ్లుగా ఇవే నీళ్లు తాగుతున్నాం, ఏమైంది?

సుధ_మైక్రో
కార్తీక్, ఒక్క విషయంలో నీతో ఏకీభవిస్తాను. నీళ్లలోని మందు వల్ల గ్లాసు నీళ్లు తాగిన మనిషి వెంటనే జబ్బుపడడు, ఆ మోతాదు టాబ్లెట్ ముందు చాలా చిన్నది. అలా భయపెట్టి అమ్మడం తప్పే. కానీ అసలు దెబ్బ తగిలేది వేరేచోట. వాగులో, చెరువు బురదలో కోట్ల బ్యాక్టీరియా రోజూ కొంచెం కొంచెం యాంటీబయోటిక్ రుచి చూస్తూ మొండిగా తయారవుతాయి, ఆ మొండితనాన్ని జన్యువుల రూపంలో పక్కవాటికి పంచుతాయి. ఆసుపత్రిలో కల్చర్ రిపోర్టులు చూడడం నా ఉద్యోగం. వరసగా "ఆర్, ఆర్, ఆర్" అని వచ్చే రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి బరువెక్కుతుంది. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందు పనిచేయదని. ఇరవై ఏళ్లలో ఏమైంది అని అడిగావు, అదీ జరిగింది. అదంతా ఒక్క పటాన్‌చెరు వల్లే అనను, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే మందులకూ పెద్ద వాటా ఉంది.

అమీన్‌పూర్_రవి
@ఈటీపీ_నైట్‌షిఫ్ట్ వెసెల్‌లో కార్బన్ 150 లీటర్లు, సుమారు 70 కేజీలు అన్నాడు. మోటార్ గంటకు 5,000 లీటర్లు తోస్తుంది, అదంతా ఫిల్టర్ గుండానే ఓవర్‌హెడ్ ట్యాంకుకి వెళ్తుంది. స్నానం, గిన్నెలు, మొక్కలు అన్నిటికీ అవే నీళ్లు.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
దొరికింది. 150ని 5,000తో భాగించండి, గంటలో 0.03. అంటే 1.8 నిమిషాలు. నీళ్లు కార్బన్ మీద నిలబడే సమయం రెండు నిమిషాలు కూడా లేదు. మందుల లాంటి సూక్ష్మ కాలుష్యం తీయాలంటే 10 నుంచి 20 నిమిషాలు ఇవ్వాలి. అణువు నీళ్లలోంచి గింజ దగ్గరికి రావాలి, గింజ లోపలి సందుల్లోకి దూరాలి, గోడకి అతుక్కోవాలి. దానికి టైం పడుతుంది. మీ దగ్గర నీళ్లు పరిగెత్తుతున్నాయి.

మీ వెండర్ కార్బన్ మంచిదే అయి ఉండొచ్చు. సైజింగ్ తప్పు. క్లోరిన్ తీయడానికి వాడే లెక్కతో మందులు తీస్తానన్నాడు.

కొబ్బరిచిప్ప
అంబాజీపేట నుంచి. మా కొబ్బరి చిప్పలు ఇలా అపార్ట్‌మెంట్ల దాకా వస్తున్నాయని ఇప్పుడే తెలిసింది, సంతోషంగా ఉంది. మా దగ్గర చిప్ప కొని తమిళనాడు వైపు బొగ్గు చేసేవాళ్లకి పంపుతారు, అక్కడ దాన్ని ఆవిరితో మళ్లీ కాల్చి యాక్టివేటెడ్ కార్బన్ చేస్తారట. మా అమ్మమ్మ కొత్త బావి నీళ్లలో బొగ్గులు మూటకట్టి వేసేది, వాసన పోతుందని. అదీ ఇదీ ఒకటేనా? "నానో" అంటే ఏమిటి?

ల్యాబ్‌పిల్ల
ఒకే వంశం, మీ అమ్మమ్మ సరైన దారిలోనే ఉన్నారు. మామూలు బొగ్గులో సందులు చాలావరకు తారుతో మూసుకుపోయి ఉంటాయి. దాన్ని 800, 900 డిగ్రీల దగ్గర ఆవిరితో కాలిస్తే ఆ సందులు తెరుచుకుంటాయి, కొత్తవి పుడతాయి. మంచి కార్బన్ ఒక్క గ్రాములో లోపలి గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన లెక్కలో పది గుంటల జాగా. చిటికెడు బొగ్గులో పావెకరం!

కొబ్బరి చిప్ప కార్బన్ సందులు ఎక్కువగా రెండు నానోమీటర్ల కన్నా సన్నవి, నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. అంటే అన్ని చిప్ప కార్బన్‌లూ నానోయే, ఆ మాటకు విడిగా డబ్బు ఇవ్వక్కర్లేదు. డైక్లోఫెనాక్ (నొప్పి మందు), కార్బమజెపైన్ (మూర్ఛ మందు), సిప్రో లాంటి చిన్న అణువులు ఆ సందుల్లో బాగా ఇరుక్కుంటాయి. అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ యాంటీబయోటిక్స్ లాంటి పెద్ద అణువులు అంత సులువుగా దూరలేవు, వాటికి కొంచెం వెడల్పు సందులున్న కార్బన్ మంచిది, కట్టెతోనో రాక్షసి బొగ్గుతోనో చేసినది.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇంకో రకం. దానికి నీళ్లంటేనే ఇష్టం, కార్బన్‌ని దాదాపు పట్టించుకోదు. స్కానింగ్‌కి ముందు ఎక్కించే అయోడిన్ మందులూ అంతే. కాబట్టి "అన్ని మందులూ 99 శాతం" అని ఎవరు రాసినా నమ్మకండి.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
99 శాతం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పనా? డిస్టిల్డ్ వాటర్‌లో ఒకే మందు కలిపి, 50 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో ఒక రోజు ఊపితే వస్తుంది. వేరుశనగ పొట్టు, ఊక, చింతగింజ, ఏది కాల్చినా 99 వస్తుంది, పేపర్ అచ్చవుతుంది. మా ట్యాంకులో సీఓడీ, అంటే సేంద్రియ చెత్త ఎంతుందో చెప్పే అంకె, వేలల్లో ఉంటుంది, సాల్వెంట్లు, రంగులు, ఉప్పులు అన్నీ కలిసి వస్తాయి. అందులో ఆ కార్బన్ వేస్తే గంటలో నిండిపోతుంది, మందుకు సీటు దొరకదు.

ల్యాబ్‌పిల్ల
ఇది కొంచెం అన్యాయం. నేను చేసేది సరిగ్గా అదే, అనంతపురం వేరుశనగ పొట్టుతో. డిస్టిల్డ్ వాటర్‌తోనే మొదలుపెట్టాలి, లేకపోతే ఏ మందు ఏ కారణంతో అతుక్కుందో ఎలా తెలుస్తుంది? పీహెచ్ మారితే అణువు మీద చార్జ్ మారుతుంది, కార్బన్ గోడ మీద చార్జ్ కూడా మారుతుంది, రెండూ ఒకే చార్జ్ అయితే నెట్టుకుంటాయి. ఇవన్నీ విడివిడిగా చూడాలి. తర్వాత చెరువు నీళ్లతో కూడా చేశాను, తగ్గింది, చాలా తగ్గింది. ఆకుల కుళ్లు నుంచి వచ్చే సేంద్రియ పదార్థం ముందే సందుల నోళ్లు మూసేసింది. ఆ గ్రాఫ్ కూడా థీసిస్‌లో పెడుతున్నాను, దాచడం లేదు.

నాకున్న అసలు బాధ వేరు. పొట్టును కాస్టిక్ పొటాష్‌తో యాక్టివేట్ చేస్తాం, తర్వాత కడగడానికి బకెట్ల కొద్దీ నీళ్లు పోతాయి. నీళ్లు శుభ్రం చేసే కార్బన్ కోసం ఎన్ని నీళ్లు పాడుచేస్తున్నానో అని రోజూ అనిపిస్తుంది. ఇప్పుడు ఆవిరితో ప్రయత్నిస్తున్నాను. గ్రాఫీన్, కార్బన్ నానోట్యూబులతో చేసేవాళ్లు మా పక్క ల్యాబ్‌లో ఉన్నారు, పట్టే శక్తి అద్భుతం. కానీ అంత సన్నటి పొడిని నీళ్లలోంచి మళ్లీ బయటికి తీయడమే పెద్ద సమస్య, ధర సంగతి సరేసరి.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
సరే, చెరువు గ్రాఫ్ పెడుతున్నావంటే మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అయ్యాక మా లాంటి వాళ్లని పిలువు, నిజం ఎఫ్లుయెంట్ ఎలా ఉంటుందో చెప్తాను.

ఇసకవాగు_మల్లేశ్
మరి ఫ్యాక్టరీ లోపలే కార్బన్ పెట్టి ఆపొచ్చు కదా? మా వాగు దాకా ఎందుకు రానివ్వాలి?

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
మంచి ప్రశ్న. మీరే చెప్పిన 31 మిల్లీగ్రాములతో లెక్క చూడండి. ఆ ప్లాంట్ నుంచి రోజుకు 15 లక్షల లీటర్లు బయటికి వచ్చేవని అప్పట్లో రాశారు. 31తో గుణిస్తే రోజుకు 45 కేజీల పైమాట సిప్రో. స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే మందు అన్నారు దాన్ని. గ్రాము కార్బన్ 100 మిల్లీగ్రాముల మందు పడుతుందనుకుందాం, అదీ వేరే చెత్త ఏమీ లేకపోతేనే. అప్పుడు రోజుకు 450 కేజీల పైన కార్బన్, 25 కేజీల బస్తాలు పద్దెనిమిది. చెత్త కూడా ఉంటే దానికి ఎన్నో రెట్లు. ఒక్క మందుకే ఇంత.

అందుకే మొత్తం కలిసిపోయిన మురుగులో చివర్న కార్బన్ వేయడం తెలివైన పని కాదు. మందు తయారయ్యే రియాక్టర్ దగ్గరే, మందు వేరుచేశాక మిగిలే ద్రావణం, అంటే మదర్ లిక్కర్ దశలోనే పట్టుకోవాలి. ఇప్పుడు చాలా చోట్ల స్ట్రీములు వేరు చేస్తారు. ఉప్పు ఎక్కువున్న హెచ్‌టీడీఎస్ నీళ్లు సాల్వెంట్లు తీసే స్ట్రిప్పర్‌కి, అక్కడి నుంచి ఎంఈఈ అనే ఆవిరి యంత్రానికి వెళ్లి ఆవిరవుతాయి, చివర్న ఏటీఎఫ్‌డీ అనే ఆరబెట్టే యంత్రంలో ఉప్పు పొడిగా రాలుతుంది. ఉప్పు తక్కువున్న ఎల్‌టీడీఎస్ నీళ్లు బ్యాక్టీరియాతో శుద్ధి చేసే బయలాజికల్ ట్యాంకుకి, తర్వాత ఆర్వోకి. మా దగ్గర కార్బన్ కాలమ్ ఆర్వోకి ముందు ఉంటుంది. చివర్న మిగిలిన కొద్దిపాటిని తీయడానికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. యాంటీబయోటిక్ బ్యాచ్ కడిగిన నీళ్లు పొరపాటున ఏరేషన్ ట్యాంకులోకి, అంటే గాలి ఊదే ఆ బయలాజికల్ ట్యాంకులోకి వస్తే మాత్రం బ్యాక్టీరియా చచ్చి నురగ కడుతుంది, మళ్లీ పెంచడానికి వారాలు. ఒక రాత్రి అలా జరిగినప్పుడు ట్యాంకు పక్కనే తెల్లారింది నాకు.

పరవాడ_అప్పల్రాజు
ఇక్కడ ఫార్మా సిటీలో శుద్ధి చేసిన నీళ్లు పైపులో సముద్రంలోకి పోతాయి. సముద్రం పెద్దది కదా అంటారు. వేటకెళ్లేవాళ్లని అడగండి పెద్దదో చిన్నదో.

ఇసకవాగు_మల్లేశ్
మాకూ అదే మాట చెప్పారు తమ్ముడూ. మా వాగులోకి వదలొద్దని కొట్లాడితే 18 కిలోమీటర్ల పైపు వేసి అంబర్‌పేట ప్లాంట్‌కి కలిపారు, అక్కడి నుంచి మూసీ. మా కష్టం మూసీ కింది రైతుకు పోయింది, తీరలేదు. 1990లో సుప్రీంకోర్టులో కేసు వేశారు, పటాన్‌చెరులో దవాఖాన నడుపుతూనే డాక్టర్ కిషన్ రావు గారు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. నేను స్కూలుకు పోయేటప్పుడు మొదలైన కేసు, నా కొడుకు కాలేజీకి పోయేదాకా నడిచింది.

సుధ_మైక్రో
చట్టం సంగతి కూడా తెలియాలి. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా నోటిఫికేషన్‌లో ఫ్యాక్టరీ నీళ్లలో ఏ యాంటీబయోటిక్ ఎంతకు మించకూడదో అంకెలతో సహా జాబితా ఇచ్చింది. మేమంతా ఎంత సంతోషపడ్డామో. 2021 ఆగస్టులో ఫైనల్ వచ్చేసరికి ఆ జాబితా లేదు. 2024 సెప్టెంబరులో డబ్ల్యూహెచ్ఓ యాంటీబయోటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, కానీ అవి మార్గదర్శకాలే, పాటించకపోతే అడిగేవాళ్లు లేరు. అంకె లేకుండా ఇన్‌స్పెక్టర్ ఏం కొలుస్తాడు, దేనికి నోటీసు ఇస్తాడు?

జ్యూరిక్_తెలుగు
ఇక్కడ మురుగునీటి శుద్ధి రంగంలోనే పనిచేస్తున్నాను కాబట్టి రాస్తున్నా. స్విట్జర్లాండ్‌లో 2016 జనవరి నుంచి చట్టం ఉంది, ఎంపిక చేసిన పెద్ద ప్లాంట్లు సూక్ష్మ కాలుష్యాలను 80 శాతం తీయాలి. దానికోసం 12 పదార్థాలు గుర్తుగా పెట్టుకుని వాటినే కొలుస్తారు, అందులో డైక్లోఫెనాక్, కార్బమజెపైన్ ఉన్నాయి. కొన్ని ప్లాంట్లు ఓజోన్ వాడతాయి, కొన్ని పొడి కార్బన్, లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు. ఖర్చు కోసం ఏడాదికి తలా 9 ఫ్రాంకుల దాకా వసూలు చేస్తారు, 2040 వరకు.

ఇక్కడ జనం పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. వాడిన కార్బన్ పొడి బురదతో కలిసి భట్టీలోకి వెళ్లి కాలిపోతుంది. బురదను పొలాల్లో వేయడం ఈ దేశంలో 2006 నుంచే నిషేధం. అది లేకపోతే కార్బన్ పట్టిన మందులన్నీ మళ్లీ చేనులో తేలేవి. ఇంకోటి, ఇక్కడ సమస్య ఇళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే మూత్రం. మన దగ్గర దానికి ఫ్యాక్టరీ కూడా తోడైంది, కాబట్టి ఇక్కడి పద్ధతి అలాగే ఎత్తుకొచ్చి పెడితే సరిపోదు.

గచ్చిబౌలి_కార్తీక్
తలా 9 ఫ్రాంకులు జనం ఎందుకు కట్టాలి? కంపెనీలు కట్టాలి.

జ్యూరిక్_తెలుగు
యూరోపియన్ యూనియన్ 2024లో అదే రాసింది. కొత్త మురుగునీటి చట్టంలో ఈ అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతం మందుల కంపెనీలు, సౌందర్య సాధనాల కంపెనీలు భరించాలి. కంపెనీలు కోర్టుకెళ్లాయి.

కొబ్బరిచిప్ప
కార్తీక్ భాయ్ కూడా మల్లేశ్ అన్న పక్షానికి వచ్చేశాడు, ఈ థ్రెడ్‌కి ఇదొక్కటి చాలు 😀

అమీన్‌పూర్_రవి
చదువుతుంటే కళ్లు తిరుగుతున్నాయి, కానీ చాలా తెలిసింది. నా ప్రశ్నకు వస్తే, ఆ వెసెల్ పీకేయాలా? ఇంకో విషయం, ఏడాదికోసారి కార్బన్ మార్చాలి అన్నాడు వెండర్, పాతది ఏం చేయాలి అంటే "గార్డెన్‌లో వేసుకోండి సార్, మొక్కలకు మంచి ఎరువు" అన్నాడు.

సుధ_మైక్రో
అయ్యో, వద్దు! నీళ్లలోంచి ఏరి ఒకచోట పోగేసిన మందుల్ని పిల్లలు ఆడుకునే మట్టిలో పోసినట్టు అవుతుంది.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
ఎరువు అన్న ఆ మనిషికి కార్బన్ పని తెలియదు. ఫ్యాక్టరీలో వాడిన కార్బన్‌ని ప్రమాదకర వ్యర్థంగానే లెక్క కడతారు, సంచులకు లేబుల్ వేసి, రిజిస్టర్‌లో రాసి, సిమెంటు భట్టీలకో ప్రత్యేక ప్లాంట్‌కో పంపుతాం. మీది అంత కాకపోయినా మట్టిలో వేయొద్దు. తిరిగి తీసుకుంటానని వెండర్ చేత కాగితం మీద రాయించుకోండి, రీయాక్టివేషన్ చేసేవాళ్లు ఉంటారు. మళ్లీ 800 డిగ్రీలకు పైగా కాలిస్తే పట్టిన మందు నాశనమైపోతుంది, కార్బన్ కొంత తరిగినా తిరిగి పనికొస్తుంది.

పీకేయక్కర్లేదు. ఆ వెసెల్‌ని బోరు మెయిన్ లైన్ నుంచి తీసి తాగే నీళ్లకు మాత్రమే పెట్టండి. 84 ఇళ్లకు తాగడానికి, వంటకు ఇంటికి 20 లీటర్ల లెక్కన 1,680 లీటర్లు. గంటకు 600 లీటర్ల చొప్పున పంపితే కార్బన్ మీద 15 నిమిషాలు నిలబడతాయి, మూడు గంటల్లోపే పని అయిపోతుంది. గిన్నెలు కడిగే నీళ్లకు కార్బన్ అరగదీయడం దండగ.

ఇంకో మాట, ప్రాణానికి సంబంధించింది. తడి కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చేస్తుంది. మీది చిన్న వెసెల్, మనిషి పట్టడు. కానీ ఎక్కడైనా పెద్ద కార్బన్ ట్యాంకులోకి వాచ్‌మన్‌నో కూలీనో "దిగి శుభ్రం చెయ్యి" అని పంపకండి. దిగినవాళ్లు స్పృహ తప్పి లోపలే పోయిన సందర్భాలున్నాయి.

ల్యాబ్‌పిల్ల
రెండు జాగ్రత్తలు కలుపుతాను. కార్బన్ క్లోరిన్‌ని కూడా తీసేస్తుంది, అందువల్ల బెడ్‌లో బ్యాక్టీరియా ఇల్లు కట్టుకుంటుంది. ఫిల్టర్ తర్వాత యూవీ గానీ తగుమాత్రం క్లోరిన్ గానీ ఉండాలి. రెండోది, క్లోరిన్ వాసన పోతోంది కదా, కార్బన్ ఇంకా బాగానే ఉంది అనుకోవద్దు. క్లోరిన్‌ని తీసే శక్తి మందుల్ని పట్టే శక్తి అయిపోయాక కూడా చాలా కాలం ఉంటుంది. నిండిపోయిన బెడ్‌లో ఇంకా దారుణం ఏమిటంటే, గట్టిగా అతుక్కునే పదార్థం వచ్చి మెత్తగా అతుక్కున్న దాన్ని తోసేస్తుంది, అప్పుడు బయటికి వచ్చే నీళ్లలో ఆ మందు లోపలికి వెళ్లేదాని కన్నా ఎక్కువ ఉండొచ్చు.

కార్బన్ కొనేటప్పుడు అయోడిన్ నంబర్ (గ్రాము కార్బన్ ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్ పడుతుందో చెప్పే అంకె) సర్టిఫికెట్ అడగండి, వెయ్యి దగ్గర్లో ఉండాలి. అది ఉన్నంత మాత్రాన మందులు పడుతుందని హామీ కాదు, లేకపోతే మాత్రం కొనకండి.

గచ్చిబౌలి_కార్తీక్
ఇంట్లో ఆర్వో ఉంటే ఇదంతా అవసరమా? నిజంగానే అడుగుతున్నా.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్
ఆర్వో మెంబ్రేన్ చాలా మందుల్ని ఆపుతుంది, ఆ సైజు అణువులు దాటడం కష్టం. దాని ముందున్న చిన్న కార్బన్ క్యాండిల్ మెంబ్రేన్‌ని క్లోరిన్ నుంచి కాపాడటానికి. కానీ ఆపిన మందు ఎక్కడికి పోతుంది? రిజెక్ట్ నీళ్లలో కలిసి సింకులోకి, అక్కడి నుంచి డ్రైనేజీ, మళ్లీ మూసీ. మీ గ్లాసు శుభ్రమైంది, అంతే. కార్బన్ కనీసం పట్టి ఉంచుతుంది, తీసుకెళ్లి కాల్చొచ్చు.

అమీన్‌పూర్_రవి
అప్‌డేట్. నిన్న కమిటీ కూర్చుంది. వెండర్‌ని కూడా పిలిచి 1.8 నిమిషాల లెక్క బోర్డు మీద వేసి చూపించాను. మొదట వాదించాడు, తర్వాత ఒప్పుకున్నాడు, అతనికి ఎవరూ చెప్పలేదట, కంపెనీ ఇచ్చిన కాగితం చదివి అమ్ముతున్నాడు. కుర్రాడు, కోపం కూడా రాలేదు. తాగే నీళ్లకు విడిగా లైన్, గంటకు 600 లీటర్ల వాల్వు, చివర్న యూవీ, వాడిన కార్బన్ వెనక్కి తీసుకెళ్తామన్న కాగితం, ఇవన్నీ ఉచితంగా చేసిస్తానని రాసిచ్చాడు. అది అయ్యాక ఎల్‌సీ ఎంఎస్ టెస్టుకి శాంపిళ్లు పంపుతున్నాం, ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఇంటికి 300 చొప్పున వేసుకున్నాం. ఆరు నెలలకోసారి చేయిద్దామని తీర్మానం రాశాం.

ల్యాబ్‌పిల్ల
ముదురు రంగు గాజు సీసాలు తీసుకోండి. సిప్రో లాంటివి వెలుతురుకు విరిగిపోతాయి. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కి చేర్చండి. లేబుల్ మీద తేదీ, టైం, ఏ పాయింట్ దగ్గర పట్టారో రాయండి.

ఇసకవాగు_మల్లేశ్
రవి గారూ, ఒకటి అడగొచ్చా. మా ఊళ్లో బోరు నీళ్లు ఎవరూ ఇలా టెస్ట్ చేయలేదు. ఒక్క సీసా మాది కూడా మీ వాటితో పంపుతారా? డబ్బులు నేనిస్తాను.

అమీన్‌పూర్_రవి
డబ్బుల సంగతి తర్వాత. శనివారం పొద్దున ఎనిమిదికి మా గేటు దగ్గరికి తీసుకురండి మల్లేశన్నా, నేనే ల్యాబ్‌కి వెళ్తున్నాను. సీసా నేను పంపిస్తాను, మీ ఊరు పేరు, బోరు ఎన్ని అడుగుల లోతో మాత్రం చీటీ మీద రాయండి.

సుధ_మైక్రో
మల్లేశ్ గారూ, ఇంకో స్టెరిలైజ్డ్ సీసాలో కొంచెం నాకూ పట్టండి. అందులో ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందులకు లొంగడం లేదో నేను చూస్తాను. సీసా శుక్రవారం సాయంత్రానికి రవి గారి ఇంటికి పంపిస్తున్నాను.